సామాను లేని కిరాయిదారు

మొన్న ఆదివారం మా గేటు ముందు ఒక ట్రాలీ ఆటో ఆగింది. అందులోంచి దిగిన మనిషి ఆలేరు నుంచి వచ్చానన్నాడు. ఒకప్పుడు మా మేడమీద గదిలో కిరాయికున్న ఆయనకు అన్న కొడుకునన్నాడు.

"మా చిన్నాయన పోయిండు. కంబోడియాల. జరమొచ్చిందంట. అక్కడ్నే దహనం గూడ అయిపోయింది. ఆయన సామాను తీస్కవోదామని వచ్చిన."

పోయాడన్న మాటకు అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సామాను అన్న మాటకు తీసేసింది.

"ఏం సామాను?"

"గదే, మంచం, బీర్వా, టీవీ. పెండ్లి లేకపాయె, పిల్లలు లేకపాయె. ఇన్నేండ్ల కష్టం ఏడనో ఒకకాడ ఉండాలె గద."

ఏమీ లేదన్నాం. నమ్మలేదు. మేడ మీదికి వెళ్లి చూశాడు. ఇప్పుడక్కడ ఇద్దరు బీటెక్ కుర్రాళ్లు, వాళ్ల సూట్‌కేసుల మధ్య దారి చేసుకుని బతుకుతున్నారు. మెట్ల కింద సందులోకి తొంగి చూశాడు. మా పాత కూలర్ వైపు కాసేపు అదోలా చూశాడు. చివరికి ఖాళీ ట్రాలీ ఎక్కుతూ మావైపు ఒక చూపు విసిరాడు. దొంగలను చూసే చూపది. నాకు కోపం రాలేదు. ఆయన మా ఇంట్లో ఉన్నన్నాళ్లూ మేం ఆయనను చూసింది అచ్చం ఆ చూపుతోనే. బాకీ తీరిందనుకున్నాను.

ఆయన మా గదిలో దిగినప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. మా నాన్న ఉప్పల్ డిపోలో క్లర్కు. లోకంలో ప్రతి మనిషీ టికెట్ లేకుండా ఎక్కినవాడేనన్న నమ్మకంతో మాట్లాడతాడు.

"సామాను ఎప్పుడొస్తది?" అని అడిగాడు ఆ రోజు.

"వచ్చింది సార్," అని ఆయన భుజానికున్న సంచి చూపించాడు.

అది నా కాలేజీ సంచిలో సగముంటుంది. మట్టి రంగు గుడ్డ, రెండు పట్టీలు, పక్కన ఒక జేబు. మా అమ్మ చీరాల చుట్టాల పెళ్లికని రెండు రోజులకు పోతే ఆ సంచి పట్టేంత పసుపు కుంకుమలే తీసుకుపోతుంది. నాన్న ఆ సంచిని పైనుంచి కిందికి చూసి, తర్వాత మనిషిని చూసి, "నెల అడ్వాన్సు ఎక్కువియ్యాలె," అన్నాడు. సామాను లేనివాడు ఏ రాత్రయినా లేచిపోతాడని నాన్న లెక్క.

ఆయన లేచిపోలేదు. నాచారం పారిశ్రామికవాడలో లేత్ మిషన్ మీద పనిచేసేవాడు. మంచి చెయ్యి అని పేరు, అందుకే ఎప్పుడు వెళ్లినా ఏదో ఒక వర్క్‌షాపు తీసుకునేది. ఆరు నెలలు పనిచేసేవాడు. మిగతా ఆరు నెలలు కనిపించేవాడు కాదు. తిరిగొచ్చేసరికి మనిషి ఇంకా నల్లగా, ఇంకా సన్నగా అయ్యేవాడు, సంచి అంతే ఉండేది. ఎక్కడికి పోయారంటే శ్రీలంక అనేవాడు, లావోస్ అనేవాడు, ఇండోనేషియాలో ఏదో ద్వీపం పేరు చెప్పేవాడు.

"అక్కడ ఏం చేస్తరు?" అని ఒకసారి అడిగాను.

"సూస్త."

"సూసి?"

"ఇంకోటి సూస్త."

దీన్ని మా ఇంట్లో ఎవరైనా ఎలా నమ్ముతారు? మావాళ్లు యాదగిరిగుట్టకు పోయినా ఒక పని మీదే పోతారు. మొక్కు, పెళ్లి, చావు, భూమి రిజిస్ట్రేషను. ఏ పనీ లేకుండా ఆరు నెలలు తిరిగేవాడికి పెద్ద పనే ఏదో ఉండి ఉండాలి. నాన్న బంగారం అన్నాడు. అమ్మ రెండో సంసారం అంది. మొదటిదే లేదు కదా అంటే, "అదే చెప్తున్న, అక్కడున్నది మొదటిది," అంది.

ఆయనకో అలవాటు. చేతికేది ఇచ్చినా ముందు అరచేతిలో పెట్టుకుని రెండుసార్లు పైకీ కిందికీ ఆడించేవాడు. ఆ తర్వాతే అదేమిటో చూసేవాడు. పెళ్లిపత్రికయినా అంతే, ప్రసాదమయినా అంతే. ఒకరోజు నా కెమిస్ట్రీ పుస్తకం అలా తూచి, ఎవరికో ఒంట్లో బాగాలేదని విన్నట్టు మొహం పెట్టి తిరిగిచ్చేశాడు.

ప్రయాణానికి ముందురోజు మేడమీద లుంగీ పరిచి, సంచిలోవన్నీ దానిమీద పేర్చేవాడు. పక్కన బట్టలారేసే వంకతో అమ్మ, అమ్మకు తోడు నేను. రెండు పల్చటి చొక్కాలు, ఒక ప్యాంటు, ఒక నిక్కరు. సగానికి కోసిన టూత్‌బ్రష్. దారంతో కోసిన సబ్బు ముక్క. సూది, నాలుగు పిన్నీసులు, బారెడు నైలాన్ తాడు. చక్కెర ఉప్పు కలిపిన పొట్లాలు. చిన్న దోమతెర. సంచి లోపల తొడగడానికి ఎరువుల బస్తా నుంచి తీసిన ప్లాస్టిక్ కవరు. అంతా పేర్చి, గొంతుక్కూర్చుని చాలాసేపు చూసి, ఒక వస్తువు తీసి పక్కన పెట్టేవాడు. ప్రతిసారీ ఒకటి. అమ్మ దాన్ని క్షుద్రపూజ అనుకుంది. పక్కన పెట్టింది బలి అట. ఒకసారి బలయింది దువ్వెన.

"దువ్వెన లేకుంటే ఎట్ల?" అన్నాను ఉండబట్టలేక.

"అక్కడ గూడ మనుషులే ఉంటరు తమ్మీ. వాళ్లకు గూడ జుట్టుంటది."

ఆయన సిద్ధాంతమంతా ఇంతే. మనం మోసేదంతా అవతలి ఊరివాళ్లకు ఏమీ లేదన్న అనుమానంతో మోసేదట. ఉక్కపోత దేశాల్లో బట్ట తడవకుండా ఉండదు, కాబట్టి తడవనిది కాదు, తొందరగా ఆరేది కావాలి. "జీన్స్ ప్యాంటు వానల తడిస్తే రెండ్రోజులు ఏడుస్తది. దాన్ని ఊకుంచుకుంట మనం గూసోవాలె," అనేవాడు. లుంగీని మాత్రం ఎప్పుడూ తీసి పక్కన పెట్టేవాడు కాదు. అది తువ్వాలు, దుప్పటి, తెర, దిండు, అవసరమైతే సంచి. "చలిదేశాలు పోరా?" అంటే తలడ్డంగా ఊపాడు. "స్వెట్టర్ ఎవడు మొయ్యాలె?"

సగం భూగోళాన్ని ఒక స్వెట్టర్ కోసం వదిలేసిన మనిషి. అనుమానించకుండా ఎలా ఉంటాం?

పక్కింటి పిన్నిగారిది భీమవరం వైపు. ఆవిడ తమ్ముడు సింగపూర్‌లో ఉండేవాడు. ఒకసారి మా కిరాయిదారు అటుగా వెళ్తున్నాడని తెలిసి ఒక రేకు డబ్బా పట్టుకొచ్చింది. ఇందులో మా అమ్మ సలహా కూడా ఉంది. డబ్బా చేరితే ఆయన నిజంగా పోతున్నట్టు, చేరకపోతే మనం అనుకున్నట్టు.

"మా తమ్ముడికి ఇచ్చేయండి బాబూ. ఎంతండీ, కాస్తంత గోంగూర, కాస్తంత మసాలా పొడి. ఓ మూల పడుంటుంది."

ఆయన డబ్బా అందుకుని రెండుసార్లు ఆడించాడు. "నా సంచిల మూల లేదమ్మా," అన్నాడు.

మా గల్లీలో ఊరికి పోయేవాడి చేతిలో డబ్బా పెట్టడం ఆశీర్వచనం లాంటిది. కాదన్నవాణ్ని నేనదే మొదటిసారి చూడటం. పిన్నిగారి మొహం మాడిపోయింది. అది గమనించి కాబోలు, మూత వైపు చూపించి, "మసాలాల ఏమేమి వేసిన్రు?" అని అడిగాడు.

ఆవిడ కాస్త తేరుకుంది. "ధనియాలు, చెక్క, లవంగం, యాలకులు, గసగసాలు..."

"గసగసాలా? సింగపూర్ల అవి మత్తుమందు కింద లెక్కమ్మా. విమానం దిగంగనే పట్టుకుంటరు. మీ తమ్మునికి ఇంకెవల్లతోనైనా పంపిచ్చినా, అది లేకుంట చెయ్యండ్రి."

ఇంకొకరయితే దండం పెట్టేవారు. పిన్నిగారు సాయంత్రం మా వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించి, "మత్తుమందుల సంగతి ఈయనకెలా తెలుసండీ?" అంది. అమ్మ కళ్లు పెద్దవి చేసింది. ఆ ఆదివారం అదే మసాలాతో కోడికూర తిన్న బాబాయిగారు మధ్యాహ్నమంతా గుర్రుపెట్టి నిద్రపోయాడు. పిన్నిగారు మూడుసార్లు ముక్కు దగ్గర వేలు పెట్టి చూసిందట.

ఇలా ఉండగా ఆయన పాస్‌పోర్టు పేజీలు ముద్రలతో నిండిపోయాయి. కొత్తది కావాలి. దానికి స్టేషన్ నుంచి ఎంక్వైరీకి వస్తారు. ఆ చిరునామాలో ఉంటున్నది నిజమేనా అని చూస్తారు. ఇరుగుపొరుగు ఇద్దరు తెలిసిన మనిషేనని చెప్పాలి. నగరంలో బాంబులు పేలి ఎంతో కాలం కాలేదు, కిరాయిదారంటేనే గల్లీ అంతా చెవులు రిక్కించే రోజులవి. ఆయన కిందికి దిగి వచ్చి నాన్న ముందు నిలబడ్డాడు. అడగడం అలవాటు లేని మనిషి, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఉంటున్నడని ఒక్క మాట చెప్పాలె సార్."

"పాస్‌పోర్టు రాకపోతే ఏమైతది? లేత్ మిషన్ ఉండనే ఉన్నది గద," అన్నాడు నాన్న.

"దాని ముందల ఆర్నెల్లు నిలబడేదే మిగతా ఆర్నెల్ల కోసం సార్. అది లేకుంటే గట్లనే నిలబడి సచ్చిపోత."

ఆయన నోట అంత పొడుగు మాట వినడం అదే మొదలు. నాన్న పేపరు మడిచాడు, విప్పాడు, చూద్దామన్నాడు.

కానిస్టేబుల్ వచ్చాడు. పెద్దాయన, మెట్లెక్కి ఆయాసపడ్డాడు. గది తలుపు తోసి లోపలికి చూశాడు. చాప. గోడకు మేకు. మేకుకు సంచి. పైన బల్బు.

"ఇది ఖాళీ గది. మనిషి ఉండే గది చూపియ్యండ్రి," అన్నాడు.

"ఇదే సార్. ఇందులనే ఉంట," అన్నాడు ఆయన.

"ఎన్నేండ్ల సంది?"

"నాలుగేండ్లు."

"నాలుగేండ్లల్ల ఒక బకెట్ గూడ కొనలేదా?"

"కింద నల్లా ఉన్నది సార్."

కానిస్టేబుల్ నా వైపు తిరిగి, ఈయన నిజం చెప్తున్నాడా అన్నట్టు కనుబొమ్మలెగరేశాడు. నేను తలూపాను. ఆయనకు నేను కూడా ముఠా సభ్యుడిలాగే కనిపించి ఉంటాను. "నేను రేపు మల్ల వస్త. ఇక్కడ మనిషి బతుకుతున్నట్టు కనవడితే రాస్త. లేకుంటే ఉంటలేడని రాస్త," అని దిగి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం మా వరండాలో సమావేశం. నాన్న, అమ్మ, పిన్నిగారు. ఆయన ఎలాంటివాడన్నది పక్కకు పోయింది.

"ఉంటలేడని రాస్తే మన ఇంటి నంబరు పోలీసు ఫైల్ల వడ్తది. దొంగ అడ్రస్ ఇచ్చిన్రని రేపు మనల్నే పిలుస్తరు," అన్నాడు నాన్న.

"మరి ఏం జేద్దాం?"

"సామాను పెడ్దాం."

అలా, ఆయన మీద గుండెల నిండా అనుమానం ఉన్న మనుషులందరూ కలిసి ఆయన నిజాయితీకి సామాను సమకూర్చారు. మా పాత ఇనుప మంచాన్ని నేనూ నాన్నా మెట్ల మీద మూడుచోట్ల గోడకు గుద్దుతూ పైకెక్కించాం. పిన్నిగారు గడియారం, క్యాలెండరు, వెంకటేశ్వరస్వామి పటం, కుర్చీ పంపింది. అమ్మ చిన్న గ్యాస్ పొయ్యి, గిన్నెల స్టాండు, దానినిండా స్టీలు సామాను సర్దింది. పొద్దున్నే లేచి పొయ్యిమీద పాలు కూడా పొంగించింది, కాపురం వాసన రావాలని.

ఆయన ఆ మధ్యన నిలబడి ఉన్నాడు, చుట్టపుచూపుగా వచ్చినవాడిలా. ఎక్కడ కూర్చోవాలో తెలియలేదు.

"మంచం మీద గూసోరాదు," అంది అమ్మ.

"అలవాటు లేదమ్మా."

"కానిస్టేబుల్ వచ్చినప్పుడు అలవాటున్నట్టు గూసో."

కానిస్టేబుల్ ఈసారి గదిలోకి వచ్చి హాయిగా మంచం మీద కూర్చున్నాడు. గడియారం చూశాడు, దేవుడికి దండం పెట్టుకున్నాడు. "నిన్ననే ఇవన్నీ చూపియ్యొచ్చు గద," అన్నాడు. స్టాండు మీది గిన్నె ఒకటి ఊరికే చేతిలోకి తీసుకున్నాడు. మా ఇళ్లలో స్టీలు సామాను మీద పేర్లు చెక్కిస్తారు కదా. మా అమ్మ పెళ్లికి పెట్టిన సామానులో చెంచాకు కూడా ఆమె పేరుంటుంది.

"చంద్రకళ," అని చదివాడు కానిస్టేబుల్. "చంద్రకళ ఎవరు? పెండ్లి కాలేదని రాసినవ్ గద కాగితాల మీద?"

నాన్న మొహంలో రంగు పోయింది. కిరాయిదారు గదిలో తన భార్య పేరు మోగుతుంటే ఏం చెయ్యాలో ఏ డిపోలోనూ నేర్పరు. పిన్నిగారు చీర కొంగు నములుతోంది.

అమ్మ గడప దాటి లోపలికొచ్చింది.

"నేనే చంద్రకళ. నా తమ్ముడు ఈయన."

"తమ్ముడా? కాగితాల మీద కిరాయికున్నడని ఉన్నదేంది?"

"వరసకు తమ్ముడు. ఒంటరోడు, అక్క గిన్నెలియ్యకపోతే ఎవలిస్తరు?"

ముప్పై ఏళ్లుగా చెబుతున్న మాటలా చెప్పింది. కానిస్టేబుల్ రాసుకుని, రెండో సాక్షిగా పిన్నిగారి వైపు తిరిగాడు. "మీకు గూడ ఎర్కేనా అమ్మా? మనిషి ఎట్లాంటోడు?"

"చాలా మంచోడండీ," అంది పిన్నిగారు భయంతో గబగబా. "గసగసాలు కూడా ముట్టుకోడండీ."

"ఏంది?"

"ఏం లేదండీ."

కానిస్టేబుల్ వెళ్లిపోయాక అమ్మ అందరి మీదా విరుచుకుపడింది. "పరాయి మొగాని గదిల నా పేరున్న గిన్నె వెడితే ఏమనుకుంటరు? అందుకని అన్న. ఎవలూ ఇంక ఎక్కువ సమజ్ చేసుకోకుండ్రి." ఆ మాట ముఖ్యంగా ఆయనకు. ఆయన "సరే అక్కా," అన్నాడు.

మర్నాటి నుంచి నాన్న బావ అయ్యాడు, నేను అల్లుణ్నయ్యాను. "నిన్నటిదాక సార్ ఉంటి," అని నాన్న చాలా బాధపడ్డాడు. అమ్మ మాత్రం, "అక్కా అంటుండు. ఏం గుంజుదామనో," అంది. అంటూనే ఆయన మెట్లు దిగే వేళకు వంటింటి కిటికీ దగ్గర నిలబడటం మొదలుపెట్టింది. నిఘా అనుకున్నాను.

సామాను దించుకునే ఓపిక ఎవరికీ లేక వారం పైనే గదిలో ఉండిపోయింది. ఆయన బయట మేడమీద చాప వేసుకుని పడుకున్నాడు. ఇన్నేళ్లలో తలుపుకు గొళ్లెం కూడా పెట్టని మనిషి ఒకరోజు వచ్చి, "తాళంకప్ప ఉంటే ఇయ్యి బావా," అన్నాడు.

"ఎందుకు?"

"లోపల మీ సామానున్నది. పనికాడ నిలబడ్డా అదే యాదికొస్తున్నది."

పాస్‌పోర్టు వచ్చింది. అరచేతిలో రెండుసార్లు ఆడించి, జేబులో పెట్టుకున్నాడు. ఈసారి ఎప్పుడొస్తానో తెలియదు, గది ఇంకెవరికైనా ఇచ్చుకోండన్నాడు. వెళ్లే రోజు పొద్దున మంచం కాళ్లు విప్పి, గిన్నెలు కడిగి, అన్నీ తనే కిందికి మోశాడు. ఆయన ఏదైనా మోయడం మేం చూసింది అప్పుడే. పిన్నిగారి పటం పిన్నిగారికి, మా పొయ్యి మాకు. అమ్మకు "పోయొస్త అక్కా" అని చెప్పి గేటు వేసి వెళ్లిపోయాడు.

అమ్మ వరండాలో స్టీలు సామాను లెక్కపెట్టుకుంది. మళ్లీ పెట్టుకుంది. పైకి వెళ్లి గది వెతికి వచ్చింది. ఆమె మొహంలో బాధ లేదు. ఏళ్ల తరబడి వేసిన పంట చేతికొచ్చిన రైతులా ఉంది.

"నేను చెప్పలే? ఒక గ్లాసు తక్కువున్నది. ఉరుకు, పోయి అడుగు!"

సైకిల్ తీసుకుని ఉప్పల్ చౌరస్తాకు పోయాను. మెట్రో కోసం తవ్విన గుంతల పక్కన, దుమ్ములో, బస్సు కోసం నిలబడి ఉన్నాడు. సంచి పక్క జేబులో స్టీలు గ్లాసు, గ్లాసులో సగం బ్రష్.

"ఏంది అల్లుడూ, గ్లాసు కోసమా?"

"అమ్మ లెక్కవెట్టింది."

"పెడ్తది." సంచి పట్టీ సరిచేసుకున్నాడు. "దొంగతనమే అని చెప్పు."

"అడిగితే ఇచ్చేది గద!"

"ఇచ్చేది. ఒట్టి గ్లాసు ఇచ్చేదా మీ అమ్మ? దానినిండ మామిడికాయ తొక్కు వెట్టి ఇచ్చేది." బస్సు వచ్చింది. ఒక్క చేత్తో కమ్మీ పట్టుకుని ఎక్కాడు. అందరూ సామానుతో తోసుకుంటుంటే ఆయనకు మాత్రం లోపల చోటు దొరికింది.

ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. దొంగతనమే అన్నాడన్నాను. అమ్మ వెంటనే గోడ దగ్గరికి పోయి పిన్నిగారికి చెప్పింది, సాయంత్రానికి గల్లీ అంతా చెప్పింది, దొంగ అని, చూస్తే అట్లా కనిపించడని. రాత్రి నాకు అన్నం పెడుతూ అటు తిరిగి అడిగింది.

"సంచిల ఎట్ల వెట్టుకున్నడు? పేరు బైటికి కనవడేటట్టేనా?"

"అవును," అన్నాను.

నిజానికి పేరు లోపలి వైపుంది, ఆయన వీపుకు ఆనుకునేట్టు. అది చెబితే దానికీ ఏదో కారణం ఉందని అనుమానిస్తుందని ఊరుకున్నాను.